గాదెలోని ధాన్యం

యాసంగి కోతలయ్యాక మిర్యాలగూడ రోడ్లపై వడ్ల లారీలు బారులు తీరుతాయి. నాగార్జునసాగర్ ఎడమ కాలువ నీళ్లు, వాటి వెంట వచ్చిన రైసుమిల్లులు ఈ ఊరికి సంపద తెచ్చాయి. కోదాడ ఆయకట్టుదీ దాదాపు ఇదే కథ. ఆ సంపాదనను తక్కువ చేసి చూడనక్కర్లేదు. ఎన్నో ఇళ్లలో పొయ్యి వెలుగుతున్నది దానివల్లే.

కానీ ఇదే నేలపై సంపదకు మరో లెక్క వేసినవాళ్లూ ఉన్నారు. సూర్యాపేట ప్రాంతంలోని కరివిరాల కొత్తగూడెంలో, భూస్వామి ఇంట 1931లో పుట్టారు మల్లు స్వరాజ్యం. వెట్టికి వ్యతిరేకంగా ఆంధ్ర మహాసభ ఇచ్చిన పిలుపు విని, పదేళ్లు దాటీదాటని వయసులోనే సొంతింటి ధాన్యాన్ని వెట్టి కూలీలకు పంచిపెట్టారు. ఇంటి పెద్దలు కాదన్నా ఆగలేదు.

గాదెలోంచి దోసెడు గింజలు తీసి ఆకలిగొన్నవారి ఒడిలో పోయడం చిన్న పనిలా కనిపిస్తుంది. ఆమె జీవితం మలుపు తిరిగింది అక్కడే.

తర్వాత తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టారు. నిజాం ప్రభుత్వం ఆమె తలకు పదివేల రూపాయల వెల కట్టింది. 1978, 1983లలో తుంగతుర్తి ఎమ్మెల్యేగా గెలిచారు. అన్న భీమిరెడ్డి నర్సింహారెడ్డిదీ అదే దారి; మిర్యాలగూడ ఎంపీగా మూడుసార్లు గెలిచి, కరువు పల్లెలకు గోదావరి నీళ్ల కోసం కొట్లాడారు.

త్యాగమంటే అన్నీ పోగొట్టుకోవడమని అనుకుంటాం. ఆమె విషయంలో ఆ మాట సరిపోదు. తనకు నచ్చిన బతుకునే ఆమె నిండుగా బతికారు.

2022 మార్చి 19న కన్నుమూశాక, ఆమె భౌతికకాయాన్ని నల్లగొండ ప్రభుత్వ వైద్య కళాశాలకు అప్పగించారు.