బొంగురు గొంతుకు ముందు స్కాన్ కాదు, స్కోప్

గొంతు బొంగురుపోయి వారాలు గడిచినా తగ్గకపోతే ఇంట్లో వాళ్లు ముందుగా అనే మాట, "ఒకసారి స్కాన్ తీయిద్దాం" అని. స్వరతంత్రుల మీద అప్పుడే మొదలైన కేన్సర్‌ని పట్టుకోవడానికి అది సరైన తొలి అడుగు కాదు. ఆ దశలో అది పైపొరలో ఒక తెల్లమచ్చ, లేదా కాస్త గరుకుదనం. అంత పల్చటి మార్పు సీటీలోనూ ఎమ్మారైలోనూ తరచూ కనిపించదు. పెట్ స్కాన్‌కి కూడా చిక్కకపోవచ్చు. కాబట్టి స్కాన్ రిపోర్టు బాగుందని నిశ్చింతగా ఉండకూడదు.

ముందు నేరుగా చూడాలి. 1854లో మాన్యుయెల్ గార్సియా అనే సంగీత గురువు చిన్న అద్దంతో, ఎండ వెలుగులో తన స్వరతంత్రుల్ని తానే చూసుకున్నాడు. ఈరోజు ఈఎన్‌టీ డాక్టర్లు ముక్కులోంచి సన్నని స్కోప్ పంపి చూస్తున్నారు. మామూలు తెల్లని వెలుగులో మచ్చ కనిపిస్తుంది కానీ, అది మంచిదో చెడ్డదో తేల్చడం కష్టం.

ఇక్కడే నేరో బ్యాండ్ ఇమేజింగ్ అక్కరకొస్తుంది. ఇందులో 415, 540 నానోమీటర్ల నీలం, ఆకుపచ్చ కాంతినే వాడతారు. ఆ కాంతిని రక్తంలోని హిమోగ్లోబిన్ పీల్చుకుంటుంది, దాంతో రక్తనాళాలు నల్లగా తేలి కనిపిస్తాయి. ఆరోగ్యంగా ఉన్న తంత్రిలో అవి పొడవునా సాగుతాయి. కేన్సర్‌లో పైకి నిక్కి, మెలికలు తిరిగి, చుక్కల్లా కనిపిస్తాయి. అయితే తెల్లమచ్చ మందంగా ఉంటే కింది నాళాలు కనబడవు. పాపిలోమా అనే కేన్సర్ కాని గడ్డలోనూ నాళాలు ఇలాగే నిక్కుతాయి.

స్ట్రోబోస్కోపీ చూసేది కదలికను. మాట్లాడేటప్పుడు సెకనుకు వంద సార్లకు పైగా కంపించే తంత్రుల్ని, మిణుకుమిణుకుమనే వెలుగు నెమ్మదిగా కదులుతున్నట్టు చూపిస్తుంది. పైపొర అలలా సాగాలి. ఆ అల ఒకచోట ఆగిందంటే అక్కడ అనుమానించాలి. పాత గాయం మచ్చకట్టినా అల ఆగుతుంది గనుక అదొక్కటే రుజువు కాదు.

సీటీ, ఎమ్మారైల అవసరం ఆ తర్వాత వస్తుంది. జబ్బు రెండు తంత్రులూ ముందువైపు కలిసే చోటికి పాకిందా, మృదులాస్థిని తాకిందా అన్నది చెప్పేవి అవే. కేన్సరా కాదా అన్న చివరి మాట మాత్రం బయాప్సీదే.

స్వరతంత్రుల్లో లింఫ్ నాళాలు చాలా తక్కువ కాబట్టి తొలిదశ కేన్సర్ మెడ గ్రంథులకు అరుదుగా పాకుతుంది. అప్పుడే పట్టుకుంటే లేజర్‌తోనో రేడియేషన్‌తోనో ఎక్కువమందికి నయమవుతుంది. చుట్ట, బీడీ, సిగరెట్ అలవాటున్నవాళ్లు మరీ ముఖ్యంగా వినాలి: బొంగురు మూడు వారాలు దాటితే ఆగకుండా ఈఎన్‌టీ డాక్టర్ దగ్గరకు వెళ్లి స్కోప్ చేయించుకోండి.