తల్లిని వెదకిన బాలుడు

జపానుదేశమున బొమ్మలు గీసి నిర్మించు చలనచిత్రములను 'అనిమే' యందురు. నేటి బాలురు వానియందు యుద్ధములను, మాయాశక్తులను మెచ్చుకొనుచున్నారు. అవి యేవియు లేకయే మనస్సును పట్టి నిలుపు పాత ధారావాహిక యొకటి కలదు. మన విద్యార్థులలో దాని నెఱిగినవారు అరుదు గనుక దానిని గూర్చి మా యభిప్రాయమును తెలుపుచున్నాము.

'తల్లిని వెదకుచు మూడువేల లీగులు' అను నర్థముగల పేరుతో నది 1976వ సంవత్సరమున జపాను టెలివిజనులో 52 భాగములుగా ప్రసారమయ్యెను. దర్శకుడు ఇసావో తకహతా. ఇటలీ రచయితయైన ఎడ్మొండో డె అమీచిస్ 1886లో ప్రకటించిన గ్రంథములోని చిన్నకథ దీనికి మూలము.

మార్కో జెనోవా పట్టణపు బాలుడు. కుటుంబపు అప్పు తీర్చుటకై తల్లి అర్జెంటీనాకు పోయి యొక యింట పనిచేయుచుండెను. ఆమె యుత్తరములు నిలిచిపోగా, బాలుడు సముద్రము దాటి వెదకబోవును.

చిన్నకథను ఇంత పెంచుట సాగదీతయని కొందరందురు. మే మట్లు తలపము. చాల భాగములవఱకు మార్కో ఊరు విడువడు. సీసాలు కడిగి కూలి సంపాదించును. ఆ నిదానమువలననే కాసు విలువ మనకు తెలియును. రొసారియోలో చేత పైకము లేక నిలిచినపుడు, అచ్చటి ఇటలీ వలసజనులు చందా వేసి యతనిని సాగనంపుదురు. తుదకు తుకుమాన్ ప్రాంతమున రోగశయ్యపైనున్న తల్లి, కుమారుని చూచిన పిదపనే శస్త్రచికిత్స కొప్పుకొనును.

మన గోదావరి జిల్లాలనుండియు తల్లులు గల్ఫుదేశములకు ఇంటిపనికై పోవుచున్నారు. వారి బిడ్డల ప్రక్కన కూర్చుండి చదువుకొను ప్రతి విద్యార్థియు ఈ కథను చూడవలెనని మా కోరిక.