600011: దేనికీ లొంగని పిన్‌కోడ్

పెరంబూరు చిరునామా చివర రాసే 600011ను ఒకసారి మామూలు సంఖ్యగా చదవండి: ఆరు లక్షల పదకొండు. 1తోనూ, తనతోనూ తప్ప మరి దేనితోనూ ఇది నిశ్శేషంగా భాగింపబడదు. అంటే ప్రధాన సంఖ్య. ఆరు లక్షలు దాటాక ఎదురయ్యే మొట్టమొదటి ప్రధాన సంఖ్య కూడా ఇదే. చెన్నై పిన్‌కోడ్‌లు 600001తో మొదలవుతాయి కాబట్టి, నగరంలో ఆ గౌరవం ముందుగా పెరంబూరుకే దక్కింది. జీపీఓ వారి 600001 చూడబోతే 19×23×1373.

పిన్‌కోడ్ 1972 ఆగస్టు 15న వచ్చింది. రూపొందించిన శ్రీరామ్ భికాజీ వేలణ్‌కర్ సంస్కృత కవి కూడా. తెలుగు రాష్ట్రాలకు, కర్ణాటకకు 5 మొదటి అంకె అయితే, తమిళనాడు, కేరళలకు 6. చివరి మూడంకెలు బట్వాడా చేసే పోస్టాఫీసువి. ఇందులో ప్రధాన సంఖ్యల ఊసే లేదు. ఎవరూ ఎంచి ఇవ్వకుండానే ఇలా కుదరడం నాకు ఎంతో ముచ్చటగా అనిపిస్తుంది.

600011 ప్రధాన సంఖ్యేనని నమ్మకం కుదరకపోతే కాగితం, పెన్సిలు చాలు. ఒక సంఖ్యను రెండు సంఖ్యల లబ్ధంగా రాస్తే, వాటిలో ఒకటైనా దాని వర్గమూలాన్ని మించదు. 600011 వర్గమూలం 774.6కు దగ్గర. కాబట్టి 2 నుంచి 773 వరకు ఉన్న 137 ప్రధాన సంఖ్యలతో భాగించి చూస్తే సరి, ఆ పైకి వెళ్లనక్కర్లేదు. 7తో భాగిస్తే శేషం 6. 29తో త్రుటిలో తప్పిపోతుంది: 29×20690 = 600010, ఒక్కటి మిగిలింది! 53కైతే రెండు తక్కువ పడింది. ఆ రెండూ కలిపితే వచ్చే 600013 రాయపురానిది, అది 53×11321. టీ నగర్ 600017 పదకొండుకే లొంగిపోతుంది. పెరంబూరు పక్కనే, 1955లో మొదలైన రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్‌ది 600038, సరిసంఖ్య.

ఆరు లక్షల దగ్గర సగటున పదమూడింటికి ఒక ప్రధాన సంఖ్య ఉండాలని లెక్క. ఇక్కడ మాత్రం 600011 తర్వాత 32 సంఖ్యలు ముందుకు వెళ్తే గాని రెండోది రాదు. అది పల్లావరం, 600043.

ఇంకో గుణం. ఏ పూర్ణసంఖ్య వర్గాన్నైనా 4తో భాగిస్తే శేషం 0 లేదా 1. రెండు వర్గాలు కలిపితే 0, 1, 2లలో ఒకటే వస్తుంది. 600011కు వచ్చే శేషం 3. కాబట్టి రెండు వర్గాల మొత్తంగా దీన్ని ఎన్నటికీ రాయలేం.

మొదటి అంకె 6 బదులు 5 పడితే ఉత్తరం సికింద్రాబాద్ బోయిన్‌పల్లికి, 500011కు పోతుంది. అది 107×4673. అంకెలన్నీ తిరగేస్తే 110006, ఢిల్లీ చాందినీ చౌక్. 600011ను, 110006ను కలిపితే 710017. దాన్ని 11తో భాగించి చూడండి, శేషం ఉండదు. ఏ ఆరంకెల సంఖ్యను తిరగేసి కూడినా అంతే.