మొదటి ఆటకు వచ్చిన ఈగ

వేసవి సెలవుల్లో మన వైపు సాయంత్రాలకు పెద్ద ఏర్పాట్లు అక్కర్లేదు. బాపట్లలో సూర్యలంక తీరం వైపు నుంచి గాలి తిరిగితే చాలు, జనం అరుగుల మీదికి వస్తారు. రేపల్లెలో తాటి ముంజలు కొట్టేచోట పిల్లలు మూగుతారు. తెనాలిలో ముంత మసాలా పొట్లాలు కట్టించుకుని, గోళీ సోడా తాగి, ఇంటిల్లిపాదీ మొదటి ఆటకు వెళ్తే ఆ రోజు పండగే. సినిమాలో జంతువులుంటే ఇక పిల్లల్ని పట్టలేం. 1993లో ‘రాజేంద్రుడు గజేంద్రుడు’లో ఏనుగును చూసి నవ్విన పిల్లలే ఇప్పుడు తల్లిదండ్రులై, తమ పిల్లలకు ‘ఈగ’ చూపిస్తున్నారు.

జంతువుల చేత మాట్లాడించడం మనకు కొత్త కాదు. అందులో తెనాలి వాటా చాలానే ఉంది. 1947 జులైలో నాగిరెడ్డితో కలిసి ‘చందమామ’ను మొదలుపెట్టిన చక్రపాణి తెనాలి వారు. 1952 నుంచి 1980 దాకా ఆ పత్రికను తీర్చిదిద్దిన కొడవటిగంటి కుటుంబరావూ తెనాలి వారే. నక్కలు, కాకులు, తాబేళ్లు మనుషుల్లా మాట్లాడే కథలు వారి చేతుల మీదుగా ఇంటింటికీ చేరాయి. 2012 జులై 6న విడుదలైన రాజమౌళి ‘ఈగ’ ఇంకో దారి తొక్కింది. ఆ ఈగ మాట్లాడదు. కళ్లతో, ముందుకాళ్లతో, ఎగిరే తీరుతో తన కోపం, ప్రేమ చెబుతుంది. ఉత్తమ తెలుగు చిత్రంగానూ, స్పెషల్ ఎఫెక్ట్స్‌కూ జాతీయ అవార్డులు తెచ్చుకుంది. నన్నడిగితే ఆ సినిమా గొప్పతనం అవార్డుల్లో కన్నా ఆ మౌనంలోనే ఉంది. ప్రేక్షకుడు గంటకు పైగా ఒక పురుగు ఒంటిని, కాళ్లను, కళ్లను గమనిస్తూ కూర్చుంటాడు. మామూలుగా ఏ జువాలజీ పాఠమూ చేయించలేని పని అది.

సరే, తెర మీది ఈగను పక్కన పెడదాం. ముందు సీటు వీపు మీద వాలిన అసలు ఈగ సంగతేమిటి? అదే తెరను అది చూస్తే దానికి ఏం కనిపిస్తుంది?

ముందు మన సంగతి చూద్దాం. తెర మీద నిజంగా కదిలేది ఏమీ లేదు. సెకనుకు 24 నిశ్చల చిత్రాలు ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి. వాటిని కదలికగా కలుపుకొనేది మన మెదడు. ఒక బొమ్మ కంట్లో కాసేపు నిలిచి తర్వాతి బొమ్మతో కలిసిపోతుందని చాలా పుస్తకాలు చెబుతాయి. అది సగం మాటే. వేర్వేరు చోట్ల వెంటవెంటనే కనిపించిన రెండు నిశ్చల రూపాలను మెదడు ఒకే వస్తువు కదలికగా గ్రహిస్తుందని జర్మనీ మనస్తత్వ శాస్త్రవేత్త మాక్స్ వెర్ట్‌హైమర్ 1912లో, అంటే ‘ఈగ’కు సరిగ్గా నూరేళ్ల ముందు, ప్రయోగాలతో చూపించాడు. వెలుగు మినుకుమనడం మరో విషయం. సెకనుకు 60 సార్లు వెలిగి ఆరే దీపం మనకు నిలకడగా వెలుగుతున్నట్టే ఉంటుంది. 24 సార్లే అయితే కంటిని ఇబ్బంది పెడుతుంది. అందుకే రీలు ప్రొజెక్టర్లలో ఒక్కో బొమ్మను రెండు మూడుసార్లు వెలిగించి ఆర్పేవారు. అంటే తెనాలిలో ఆడినా టోక్యోలో ఆడినా, సినిమా అనేది మనిషి కంటి కొలతలకు కుట్టించిన చొక్కా.

ఆ కొలత ఈగకు సరిపోదు. ఇంటి ఈగ కన్ను సెకనుకు సుమారు 250 మినుకుల దాకా విడివిడిగా పట్టుకోగలదు. సినిమాలో ఒక బొమ్మ తెర మీద నిలిచేది సెకనులో 24వ వంతు. ఆ వ్యవధిలో ఈగ కన్ను దాదాపు పదిసార్లు తాజాగా చూడగలదు. హీరో పరుగెత్తాడని మనం అనుకున్నచోట, ఆగి ఆగి మారే ఫొటోల వరస దాని కంటికి అందుతుంది. ఈగల చూపును పరిశీలించే ప్రయోగశాలల్లో మామూలు టీవీ తెరలు వాడకుండా, సెకనుకు కొన్ని వందల సార్లు మారే ఎల్ఈడీ పలకలను ఈగ చుట్టూ అమర్చేది ఇందుకే.

అంత వేగం ఎలా వచ్చింది? మన కంట్లో కాంతి గ్రాహక కణాలు రసాయన చర్యల గొలుసు మీద నడుస్తాయి. ఈగ కంట్లోనూ రసాయనాలే గానీ, అక్కడ ఆ గొలుసు చాలా త్వరగా పూర్తవుతుంది. దానికి ఒక కారణాన్ని కేంబ్రిడ్జ్ శాస్త్రవేత్తలు రోజర్ హార్డీ, క్రిస్టియన్ ఫ్రాంజె ‘ఈగ’ విడుదలైన 2012లోనే ప్రకటించారు. వాళ్లు పరిశీలించింది అరటిపళ్ల చుట్టూ మూగే చిన్న పండ్ల ఈగను. వెలుగు పడగానే దాని కాంతి గ్రాహక కణాలు అతి స్వల్పంగా ముడుచుకుంటాయట. ఆ ముడుచుకోవడమే విద్యుత్ సంకేతానికి ద్వారాలు తెరవడానికి తోడ్పడుతుంది. కన్ను వెలుగుకు అక్షరాలా కదిలి స్పందిస్తోందన్న మాట.

వేగం ఉంది కదా అని ఈగ మనకన్నా బాగా చూస్తుందనుకోకండి. దాని రెండు పెద్ద కళ్లలో ఒక్కొక్కటీ మూడు నాలుగు వేల నేత్రాంశాల, అంటే బుల్లి కంటి భాగాల, కూర్పు. ఒక్కో కటకంలో ఒక్కో పూర్తి బొమ్మ, అంటే ఒకే ముఖం వేలసార్లు కనిపిస్తుందని కొన్ని సినిమాల్లో చూపిస్తారు. అది తప్పు. ఒక్కో నేత్రాంశం దృశ్యంలో ఒక్క చుక్కను మాత్రమే అందిస్తుంది. పక్కపక్క నేత్రాంశాలు చూసే దిక్కుల మధ్య తేడా సుమారు రెండున్నర డిగ్రీలు. ఇప్పుడు లెక్క వేద్దాం. పది మీటర్ల వెడల్పు తెరకు ఇరవై మీటర్ల దూరంలో ఈగ కూర్చుందనుకుంటే, తెర దానికి అడ్డంగా 28 డిగ్రీలు, నిలువుగా 12 డిగ్రీలు ఆక్రమిస్తుంది. అంటే అడ్డంగా పదకొండు, నిలువుగా ఐదు చుక్కలు. ‘ఈగ’లో నటించిన సమంత ముఖం, సుదీప్ కోపం, వెనకాల వేసిన సెట్టు, అన్నీ కలిపి యాభై ఐదు చుక్కలు! ఎరుపు రంగు దానికి దాదాపు కనిపించదు. మనం చూడలేని అతినీలలోహిత కాంతి మాత్రం బాగా కనిపిస్తుంది. కథ అర్థం కావడం సంగతి అటుంచి, తెరలో మనిషి ఉన్నాడన్న సంగతే దానికి తెలిసే వీలు లేదు.

అయినా మన చెయ్యి లేచేసరికి మాయమవుతుంది. ఎదిగి వస్తున్న నీడను పసిగట్టడానికి చుక్కలు చాలు, వేగం ఉంటే. పండ్ల ఈగలను హైస్పీడ్ కెమెరాతో తీసి, గ్వినెత్ కార్డ్, మైకేల్ డికిన్సన్ 2008లో ఒక అందమైన సంగతి బయటపెట్టారు. ఎగరడానికి దాదాపు ఐదో వంతు సెకను ముందే ఈగ ప్రమాదం ఏ దిక్కున ఉందో చూసుకుని, దానికి ఎదురు దిక్కులోకి దూకేలా కాళ్లు సర్దుకుంటుంది. ముందు నుంచి వస్తే మధ్య కాళ్లను ముందుకు జరిపి, ఒళ్లు వెనక్కి వాలుస్తుంది. ఎగిరాక దారి చూసేవి వెనక రెక్కల స్థానంలో ఉండే రెండు బుల్లి గుబ్బలు. రెక్కలతో పాటే ఊగుతూ ఒళ్లు ఎటు తిరుగుతోందో క్షణక్షణమూ చెబుతాయి.

మరి ఈగకు మన జీవితమంతా స్లోమోషన్‌లో నడుస్తున్నట్టు ఉంటుందా? ఇక్కడ నేను తొందరపడను. కన్ను వేగంగా చూడటం వేరు, కాలం నెమ్మదిగా గడుస్తున్నట్టు అనిపించడం వేరు. రెండోదాన్ని కొలిచే సాధనం మన దగ్గర లేదు. మొదటిది మాత్రం ప్రాణిని బట్టి మారుతుంది. వెన్నెముక ఉన్న ముప్పైకి పైగా జాతులను పోల్చిన కెవిన్ హీలీ బృందం, చిన్న ఒళ్లు, చురుకైన జీవక్రియ ఉన్న ప్రాణుల చూపు ఎక్కువ వేగంగా ఉంటుందని 2013లో తేల్చింది. కుక్క కన్ను సెకనుకు 70, 80 మినుకుల దాకా పట్టుకుంటుంది. సెకనుకు 50 సార్లు మెరిసే పాత డబ్బా టీవీ దానికి చిటపటలాడే వెలుగే. ఇప్పటి టీవీలో జంతువులను చూసి మీ కుక్క మొరిగితే, అందులో దానికీ బొమ్మ కనిపిస్తోందని అర్థం. మరో కొసన తోలువీపు సముద్ర తాబేలు ఉంది. దానికి పదిహేను మినుకులే హద్దు. సూర్యలంక తీరానికి గుడ్లు పెట్టడానికి వచ్చే ఆలివ్ రిడ్లీ తాబేళ్లకు అది దూరపు బంధువు. వాటి పిల్లలకు వేగం కన్నా వెలుగున్న దిక్కు ముఖ్యం. రాత్రి గుల్ల పగలగొట్టుకుని బయటికి రాగానే, ఎటు ఆకాశపు అంచు వెలుగుగా ఉంటే అటు పాకుతాయి. ఒడ్డున మనం వెలిగించే దీపాలు వాటిని సముద్రానికి బదులు రోడ్డు వైపు లాగుతాయి. తీరాన విహారానికి వెళ్లేవాళ్లు ఫ్లాష్‌లైట్లు ఆర్పి నడిస్తే ఆ పిల్లలకు ఎంతో మేలు.

‘ఈగ’ చూశాక ఈగ మీద ప్రేమ పుట్టిన పిల్లలకు ఇంకో మాటా చెప్పాలి. అది చేతులు నలుపుకునేది కుట్ర పన్నడానికి కాదు. దాని పాదాల మీద రుచి తెలిపే వెంట్రుకలు ఉంటాయి. వాటికి దుమ్ము పడితే రుచి తెలియదు, అందుకే శుభ్రం చేసుకుంటుంది. గట్టి పదార్థం తినలేదు కాబట్టి బెల్లం ముక్క మీదికి లాలాజలం, ఒక్కోసారి మింగినదాన్నీ కక్కి, కరిగించి పీల్చుకుంటుంది. అంతకు ముందు అది వాలింది పెంటకుప్ప మీద కావచ్చు. టైఫాయిడ్, విరేచనాల క్రిములు దాని కాళ్లతో, నోటితో అలాగే వస్తాయి. ముంజల గిన్నె మీద మూత పెట్టాల్సిందే.

1945 నుంచి నడుస్తున్న బాపట్ల వ్యవసాయ కళాశాలలో కీటక శాస్త్రాన్ని పాఠంగా చదువుతారు. మీ పిల్లలకు అంతదాకా అక్కర్లేదు, ఇంట్లో ఉన్న ఫోను చాలు. చాలా ఫోన్లలో స్లోమోషన్ సెకనుకు 240 బొమ్మలు తీస్తుంది. అది ఈగ కంటి వేగానికి చాలా దగ్గర. పొద్దుగూకే వేళ ఈగలు ఎగరడం మాని వేలాడే తీగల మీద, సీలింగ్ మీద చేరతాయి. అవి పైకప్పు మీద వాలేటప్పుడు ఫోను తిప్పి పట్టుకోండి. ముందుకాళ్లు పైకెత్తి కప్పును తాకి, వాటి ఆధారంగా ఒంటిని గిర్రున తలకిందులు చేసుకోవడం కనిపిస్తుంది. రెక్కల సంగతి మాత్రం పూర్తిగా దొరకదు. అవి సెకనుకు దాదాపు 200 సార్లు ఆడతాయి, ఒక్కో ఊపుకు మీ ఫోనుకు దక్కేది ఒకటో అరో బొమ్మ.