కారు వెనకాల సైకిళ్ళు



ఆ మధ్య ఒక ఆదివారం పొద్దున్నే మా కారు గేటు దాటుతుంటే ఎదురింటావిడ ఆపి అడిగారు. "ఏమండీ, సైకిళ్ళు అలా వెనకాల వేళ్ళాడదీసుకుని పోతున్నారు, పడిపోవూ?" అని. నవ్వి ఊరుకోవచ్చును. కాని ఆవిడ అడిగినదాంట్లో తప్పేముంది? సరిగా బిగించకపోతే పడిపోతాయి. మావి ఒకసారి పడబోయాయి కూడా. ఆ సంగతి చెప్పి, ఎలా బిగిస్తే పడవో ఇవాళ మీతో ముచ్చటిస్తాను.

కారున్నవాళ్ళకి సైకిలెందుకని మీరనుకోవచ్చు. పట్నంలో ఈ రద్దీలో పిల్లల్ని సైకిలు మీద రోడ్డెక్కనిస్తామా? అందుకని సెలవురోజున ఊరవతలికి తీసుకుపోయి తొక్కించడం. పూర్వం అంబాసిడర్ కారు నెత్తిన కారియర్ ఉండేది. సైకిలును దాని మీద పడుకోబెట్టి, నాలుగు మూలలా మోకు లాగి కట్టేవారు. ఇప్పటి చిన్న కార్లకి ఆ కారియర్ లేదు. డిక్కీకి పట్టీలతో తగిలించే స్టాండు కొనుక్కుంటున్నాం. వెనక్కి చాచిన రెండు చేతులుంటాయి దానికి. వాటి మీద సైకిళ్ళు వేళ్ళాడతాయి.

2022 డిసెంబరులో మా అమ్మాయి, అల్లుడు, మనవరాలితో కలిసి అనంతగిరి గుట్టలకు బయల్దేరాం. హైదరాబాదు నుంచి దాదాపు 80 కిలోమీటర్లు. పొద్దున్నే పోవాలి గదా అని ముందురోజు రాత్రే వరండా లైటు వెలుతుర్లో స్టాండు తగిలించి రెండు సైకిళ్ళూ ఎక్కించేశాం. తెల్లారి ఎవరం దాన్ని ముట్టుకోలేదు. మొయినాబాదు దాటి, మర్రిచెట్ల నీడలో కారు పోతోంది. ఒక స్పీడుబ్రేకరు మీద వెనకాల ఠప్పుమని చప్పుడైంది. గుంతేమో అనుకున్నాం. వెనక మోటారుసైకిలు మీద పాలక్యాన్లు వేసుకుని వస్తున్నాయన హారను మోగిస్తూ పక్కకి వచ్చి, "అమ్మా, ఎనక సైకిలు పడ్తున్నది, జర సూస్కోండ్రి!" అని అరిచాడు.

దిగి చూస్తే నా గుండె జారిపోయింది. కింది కొక్కేలు రెండూ ఊడి పోయాయి. మనవరాలి సైకిలు ముందు చక్రం రోడ్డుకి బెత్తెడు ఎత్తులో ఊగుతోంది. ఇంకో కుదుపు తగిలితే పోయేది మా సైకిలు మాత్రమేనా? ఆ క్యాన్ల మనిషి మాకు పదిగజాల వెనకాలే వస్తున్నాడు. ఆయన చక్రం కింద పడేది. అల్లుడు "నేను సరిగానే లాగానే అత్తయ్యగారూ" అన్నాడు. లాగాడు, నిజమే. నేనూ పట్టుకుని చూశాను. ఎక్కడ లాగామన్నదే తప్పు.

స్టాండుకి సాధారణంగా ఆరు పట్టీలుంటాయి. పై రెండు బరువు మోస్తాయి. కింది రెండు స్టాండును ఎగరకుండా అణచిపెడతాయి. పక్క రెండు ఊగకుండా పట్టుకుంటాయి. చాలామంది పై పట్టీలు బాగా బిగించి, మిగతావి ఏదో తగిలించామనిపిస్తారు. మనింటి ఉట్టి చూడండి. పైనుంచి ఎంత గట్టిగా కట్టినా తాకితే ఊగుతుంది, కింద కట్టులేదు గనుక. ఇంట్లో ఉట్టి ఊగితే ఊగనీండి, కారు వెనకాల ఊగితే ప్రమాదం. స్పీడుబ్రేకరు మీద సైకిలు ఒకసారి పైకి లేచి దిగుతుంది. 15 కిలోల సైకిలు అలా దిగేటప్పుడు 15 కిలోల్లాగా దిగదు, అంతకు ఎన్నో రెట్లు గుంజుతుంది. పైకి లేచిన ఆ క్షణంలో పట్టీ వదులవుతుంది. వదులైతే కొక్కెం జారుతుంది. మాకు జరిగిందదే.

పైగా మేం కింది కొక్కేలను బంపరు అంచుకు తగిలించాం. అది ప్లాస్టిక్. లాగితే వంగుతుంది, వదిలితే లేస్తుంది. కొక్కెం ఎప్పుడూ ఇనుప అంచునే పట్టుకోవాలి. పైన డిక్కీ తలుపు అంచు, కింద అదే తలుపు అడుగు అంచు. వెనక అద్దానికి గాని, పైనున్న ప్లాస్టిక్ రెక్కకి గాని తగిలించకూడదు. వేలితో తడిమి చూసుకుంటే తెలిసిపోతుంది.

బకిలు సంగతొకటి. లోపల పళ్ళుంటాయి. పట్టీ కొస దూర్చాల్సిన వైపునుంచే దూర్చాలి. తిరగేసి దూర్చినా చేత్తో లాగితే బిగిసినట్టే ఉంటుంది, కుదుపులకు మెల్లిగా జారుతుంది. దూర్చాక రెండు చేతులతో వెనక్కి గుంజి చూడండి. పట్టీ మెలిక పడకూడదు. మిగిలిన కొసని గాలికి వదిలేస్తే దారిపొడుగునా కారు రంగుని కొరడాతో కొట్టినట్టు కొడుతుంది. చుట్టి ముడివేసెయ్యండి. రాత్రి బిగించినవి పొద్దున మళ్ళీ బిగించాల్సిందే. బరువుకి స్టాండు సర్దుకుంటుంది, నైలాను పట్టీ మంచుకి తడిస్తే కాస్త సాగుతుంది.

ఇక సైకిళ్ళు ఎక్కించడం. బరువైనది ముందు, అంటే కారుకి దగ్గరగా. తేలికది బయటికి. ఒకదాని హ్యాండిలు ఎడమకి ఉంటే రెండోదానిది కుడికి రావాలి. లేకపోతే హ్యాండిళ్ళు రెండూ ఒకచోటే పొడుచుకుంటాయి. రెంటి మధ్య పాత సైకిలు ట్యూబు ముక్కలో, పాత దుప్పటి ముక్కో పెడితే రంగు పోదు. ముందు చక్రం దానంతటది తిరుగుతూ ఉంటుంది, దాన్ని ఫ్రేముకి కలిపి కట్టెయ్యాలి. ఈ ఒక్కటీ మరిచిపోయేవాళ్ళే ఎక్కువ. టైరు సైలెన్సరు గొట్టానికి ఎదురుగా రాకుండా చూసుకోండి. ఆ వేడికి రబ్బరు పాడవుతుంది, పేలినా పేలుతుంది.

మన లేడీస్ సైకిళ్ళతో ఒక చిక్కుంది. నడుమ అడ్డకడ్డీ ఉండదు గదా, స్టాండు చేతుల మీద ఆనదు. వంకర ఫ్రేమునే ఎలాగో ఇరికిస్తే ఒక పక్కకి ఒరిగిపోతుంది. సీటు కింది గొట్టానికీ హ్యాండిలు మెడకీ మధ్య తగిలించే విడికడ్డీలు అమ్ముతారు. అది వేస్తే మగవాళ్ళ సైకిల్లాగే కూచుంటుంది. ఈ స్టాండు తయారుచేసినవాళ్ళు ఆడవాళ్ళ సైకిలు సంగతి తరవాత ఆలోచించినట్టున్నారు, కడ్డీకి వేరే డబ్బు!

బరువు కూడా చూసుకోవాలి. పట్టీల స్టాండ్లు చాలావాటికి సైకిలుకి 15 కిలోలే హద్దు. పూర్వపు నల్ల సైకిలు 20 కిలోలుంటుంది. బ్యాటరీ సైకిళ్ళయితే ఇంకా పైనే. అలాంటివి వీటికి ఎక్కించకూడదు. అమెరికాలో ఉన్న మా అబ్బాయి కారుకి అడుగున చతురస్రపు ఇనుపగొట్టం బిగించి ఉంది. 2 అంగుళాలది. స్టాండు అందులో దూర్చి అడ్డంగా ఇనుపచీల వేస్తాడు. అక్కడ సైకిలు వేళ్ళాడదు, పళ్ళెంలో నిలబెట్టినట్టు నిలబడుతుంది. దానికైతే బరువు పరవాలేదు. అయినా చీలకి పిన్ను పెట్టాడో లేదో వాడూ వంగి చూసే బయల్దేరతాడు.

మరొక సంగతి. పెద్దవాళ్ళ సైకిలు పొడుగు మన చిన్నకార్ల వెడల్పుకన్నా కాస్త ఎక్కువే. చక్రం ఇవతలా అవతలా బయటికొస్తుంది. నడిపే మనిషికి అద్దంలో అది కనపడదు. పక్కనుంచి సందుచేసుకుని పోయే స్కూటర్లవాళ్ళకి తగులుతుంది. ముందు చక్రం విప్పి కార్లో పెట్టుకుంటే సగం బాధ తీరుతుంది. నంబరు ప్లేటు, వెనక దీపాలు కప్పడిపోకూడదు. నెత్తిన నిలబెట్టే రకమైతే ఇంటి సెల్లారు గేటు ఎత్తు కొలిచి ఉంచుకోండి. రోజంతా బాగా తిరిగి, సొంత గేటు దగ్గరే సైకిలు విరగ్గొట్టుకున్నవాళ్ళున్నారు.

బయల్దేరాక పది కిలోమీటర్లకి ఒకసారి ఆపి, సైకిలుని పట్టుకుని ఊపండి. కారు మొత్తం కదలాలి గాని, సైకిలు విడిగా కదలకూడదు. వదులనిపిస్తే మళ్ళీ లాగండి. మావారికి తొందరెక్కువ, అందుకని మా ఇంట్లో ఈ పని నాదే. ఇల్లు చేరాక పట్టీలు ఎండలో వదిలెయ్యకండి, ఎండకి పెళుసుబారతాయి. అంచు పీచు లేచిన పట్టీ ఇక ఆ పనికి పనికిరాదు.

అన్నట్టు, ఎదురింటావిడ మొన్న వచ్చి, పిల్లల్ని షామీర్‌పేట తీసుకుపోతాం, ఆ స్టాండు ఒకరోజుకి ఇస్తారా అని అడిగారు. తీసుకువెళ్ళి వాళ్ళ డిక్కీకి పెట్టి చూశాను. వాళ్ళది వేరే కంపెనీ కారు. పై అంచు దగ్గర సందు లేదు, కొక్కెం సగమే కూచుంది. ఆవిడ ఏమనుకున్నా సరే అని వెనక్కి తెచ్చేసుకున్నాను.