నిద్రలేమికి మాత్రలు: ఆరంభంతో పాటు ముగింపూ తెలిసి వాడాలి

శిడ్లఘట్ట తాలూకాలోని జంగమకోటె పరిసరాలలో రాత్రి అందరికీ విశ్రాంతి సమయం కాదు. నాలుగో జ్వరం దాటిన పట్టుపురుగులకు రాత్రివేళ కూడా మేత వేయవలసి ఉంటుంది. పూలు, కూరగాయలు తెల్లవారకముందే బెంగళూరు మార్కెట్టుకు చేరవలసి ఉంటుంది. దేవనహళ్లి విమానాశ్రయంలోను, బెంగళూరు కర్మాగారాలలోను, కాపలా పనులలోను ఉన్నవారికి వారం వారం షిఫ్టులు మారుతుంటాయి. పని వేళలు మారినప్పుడల్లా నిద్ర వేళలు చెదురుతాయి. చేసిన అప్పు, పిల్లల చదువు, ఊరిలో ఒంటరిగా ఉన్న తల్లిదండ్రులను గురించిన దిగులు దీనికి తోడవుతాయి.

ఇటువంటి స్థితిలో నిద్రమాత్ర సులభమైన దారిగా కనిపిస్తుంది. వైద్యుల సలహాతో కొద్దికాలం వాడినప్పుడు అది మేలు చేసే ఔషధమే. అయితే దానిని ఎప్పుడు మొదలుపెట్టాలన్నది ఎంత ముఖ్యమో, ఎప్పుడు, ఏ విధంగా ఆపాలన్నది కూడా అంతే ముఖ్యం. మొదటి మాత్ర వేసుకొనే నాడే ముగింపు ఎప్పుడని వైద్యులను అడిగి తెలుసుకోవడం ఈ చికిత్సలో ప్రధానమైన జాగ్రత్త.

ఒక ఊహించిన ఉదాహరణ

బెంగళూరులో పనిచేసే ఒక కుమారునికి వైద్యులు రెండు వారాలకు నిద్రమాత్రలు వ్రాసి ఇస్తారు. పండుగకు ఊరికి వచ్చిన అతడు, తనకూ నిద్ర పట్టడం లేదన్న తల్లికి మిగిలిన స్ట్రిప్ ఇచ్చి వెళ్తాడు. ఆమె వయస్సు డెబ్బై దాటింది. రక్తపోటుకు వేరే మందులు వాడుతున్నది. మొదటి వారం హాయిగా నిద్ర పడుతుంది. ఒక రాత్రి మూత్రవిసర్జనకు లేచినప్పుడు మత్తులో కాలు తడబడి పడిపోతుంది. తుంటి ఎముక విరుగుతుంది. ఇందులో ఎవరి ఉద్దేశమూ చెడ్డది కాదు. ఒకరి శరీరానికి కొలిచి ఇచ్చిన మందు మరొకరికి చేరడమే ఇక్కడ జరిగిన పొరపాటు.

నిద్రలేమికి కారణం వెదకాలి

ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టకపోవడం వ్యాధి కాదు. వారానికి కనీసం మూడు రాత్రుల చొప్పున మూడు నెలలు లేదా అంతకు మించి నిద్ర పట్టక, పగటి పనులు కూడా దెబ్బతింటుంటే దానిని దీర్ఘకాలిక నిద్రలేమి అంటారు. అంతవరకు వేచి ఉండనవసరం లేదు. కొన్ని వారాలుగా బాధ ఉన్నా వైద్యులను కలవవచ్చు. కీళ్ల నొప్పి, ఉబ్బసం, థైరాయిడ్ దోషం, మధుమేహం వలన రాత్రి పలుమార్లు మూత్రానికి లేవడం, మానసిక కుంగుబాటు, ఆందోళన మొదలైనవన్నీ నిద్రను చెడగొట్టగలవు. అసలు వ్యాధిని విడిచి మాత్రతో కన్ను మూయిస్తే, వ్యాధి లోలోపల పెరుగుతూనే ఉంటుంది.

మాత్రల రకాలు, చట్టం విధించిన కట్టుబాటు

ఆల్ప్రజోలం, క్లోనజెపాం, డయజెపాం, నైట్రజెపాం ఒకే కుటుంబానికి చెందిన మందులు. జోల్పిడెం వేరే తరగతికి చెందినది. ఇవన్నీ మెదడులోని చురుకుదనాన్ని తగ్గించి నిద్రను రప్పిస్తాయి. నైట్రజెపాం, డయజెపాం ప్రభావం మరునాటి పగటి వరకు కొనసాగవచ్చు. జోల్పిడెం త్వరగా పనిచేస్తుంది. అయినప్పటికీ స్త్రీల శరీరంలో అది ఉదయానికి కూడా ఎక్కువ మోతాదులో నిలిచి ఉంటున్నదని గమనించి, 2013లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ వారికి సూచించే మోతాదును 10 మిల్లీగ్రాముల నుండి 5 మిల్లీగ్రాములకు తగ్గించింది. ఒకే మాత్ర అందరికీ ఒకే తీరున పనిచేయదని దీనివలన తెలుస్తున్నది.

వీటిలో ఆల్ప్రజోలం, డయజెపాం, నైట్రజెపాం, జోల్పిడెం మన దేశంలో షెడ్యూల్ హెచ్1 జాబితాలో ఉన్నాయి. 2014 మార్చి నుండి అమలులో ఉన్న ఈ నిబంధన ప్రకారం, వైద్యుల చీటీ లేకుండా మందుల అంగడిలో వీటిని అమ్మరాదు. వ్రాసిన వైద్యుల పేరు, రోగి పేరు, మందు పేరు, ఎన్ని మాత్రలు ఇచ్చినదీ ప్రత్యేక రిజిస్టరులో నమోదు చేసి, ఆ రిజిస్టరును మూడేళ్లు భద్రపరచాలి. అందువలన అంగడివారు చీటీ అడిగితే అది అనుమానించడం కాదు, రోగిని కాపాడే ఏర్పాటు. చీటీ లేకుండానే మాత్ర చేతికి ఇచ్చే చోటు నమ్మదగినది కాదు.

చీటీని చదివే పద్ధతి

చీటీలో 0-0-1 అని ఉంటే ఉదయం, మధ్యాహ్నం వద్దు, రాత్రి ఒకటి అని అర్థం. హెచ్.ఎస్. అని ఉంటే పడుకొనే ముందు వేసుకోవాలి. ఎస్.ఓ.ఎస్. అని ఉంటే తప్పనిసరి అయినప్పుడు మాత్రమే. ప్రతి రాత్రి అని కాదు. బలం వ్రాసిన అంకెలోని చుక్కను ప్రత్యేకంగా గమనించాలి. ఆల్ప్రజోలం 0.25, 0.5, 1 మిల్లీగ్రాము బలాలలో దొరుకుతుంది, 0.25 వాడవలసినవారు 1 వేసుకుంటే నాలుగు రెట్లు మందు తీసుకున్నట్లే. అక్షరాలు తెలియకపోతే అంగడిలోనే చదివించుకొని, ఎన్ని రోజులకో స్ట్రిప్ మీద వ్రాయించుకోవడం మంచిది.

వాడేటప్పుడు పాటించవలసినవి

పనులన్నీ ముగించుకొని, పడక చేరిన తరువాతనే మాత్ర వేసుకోవాలి. మాత్ర వేసుకొని వంటపనికి గాని, ఫోను చూడడానికి గాని కూర్చోరాదు. ఏడెనిమిది గంటలు పడుకొనే వీలున్న రాత్రులలోనే వాడాలి. నడుమ లేచి పురుగులకు ఆకు వేయవలసినవారు, నాలుగు గంటలకే షిఫ్టుకు బయలుదేరవలసినవారు ఆ సంగతి ముందుగానే వైద్యులకు తెలియజేయాలి. ఉదయం మత్తు వదలకపోతే ద్విచక్ర వాహనం నడపరాదు. యంత్రం దగ్గర నిలబడరాదు.

మద్యంతో నిద్రమాత్రను ఎన్నడూ కలపరాదు. కోడీన్ ఉన్న దగ్గు మందు, ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు కూడా దీనితో కలిస్తే శ్వాస మందగించి ప్రాణాపాయం కలుగవచ్చు. ఒక మాత్రతో నిద్ర రాలేదని రెండవది వేసుకోరాదు. జోల్పిడెం వాడిన కొందరు నిద్రలోనే లేచి నడవడం, తినడం, వాహనం నడపడం కూడా జరిగింది; మరునాడు వారికి ఆ సంగతి గుర్తుండదు. ఇంటివారు అటువంటిది గమనిస్తే మందును ఆపి వెంటనే వైద్యులను సంప్రదించాలి.

వృద్ధులు, గర్భిణులు, బాలింతలు, గట్టిగా గురకపెడుతూ నడుమ శ్వాస ఆగినట్లు అయ్యేవారు, ఆస్తమా, కాలేయ వ్యాధి ఉన్నవారు తమ స్థితిని వైద్యులకు తప్పక చెప్పాలి. మాత్రలను పిల్లలకు అందని చోట తాళం వేసి ఉంచాలి. ఇంటిలో మనసు కుంగిన వ్యక్తి ఉన్నట్లయితే స్ట్రిప్‌ను మరొకరు భద్రపరచి రోజుకు ఒకటి చొప్పున ఇవ్వడం ఉత్తమం.

ఒక్కసారిగా ఆపరాదు

ఈ మాత్రలను సాధారణంగా రెండు నుండి నాలుగు వారాలకు మించి వాడరాదు. కాలం గడిచే కొద్దీ శరీరం వాటికి అలవాటు పడుతుంది. అప్పటి వరకు పనిచేసిన మోతాదు చాలదనిపిస్తుంది. మాత్ర లేని రాత్రి మునుపటి కంటె కష్టమవుతుంది. చాలా కాలం వాడినవారు భయపడి హఠాత్తుగా మానివేస్తే వణుకు, చెమటలు, విపరీతమైన ఆందోళన, భ్రమలు, చివరకు ఫిట్స్ కూడా రావచ్చు.

తెలంగాణ ప్రజలు దీనిని 2015లో కళ్లారా చూశారు. ఆల్ప్రజోలం, డయజెపాం వంటి మత్తుమందులు కలిపిన కల్తీ కల్లుపై ప్రభుత్వం చర్యలు తీసుకోగా సరఫరా నిలిచిపోయింది. దానికి అలవాటు పడినవారు అనేకులు నిజామాబాద్ తదితర జిల్లాలలో వణుకుతో, వింత ప్రవర్తనతో ఆసుపత్రుల పాలయ్యారు. తాము తాగినది కల్లు మాత్రమే అనుకున్నవారి శరీరం, తెలియకుండానే ఈ మందులకు బందీ అయింది. స్ట్రిప్‌లోనుండి మాత్ర వేసుకొనేవారికీ ఇదే సూత్రం వర్తిస్తుంది. అందుకే దీర్ఘకాలం వాడినవారు వైద్యుల పర్యవేక్షణలో వారాల తరబడి, కొందరు నెలల తరబడి, మోతాదును కొద్దికొద్దిగా తగ్గించుకోవాలి. ఊరికి వెళ్లేటప్పుడు మాత్రలు మధ్యలో అయిపోకుండా చూసుకోవడం కూడా ఇందులో భాగమే.

మాత్ర లేని చికిత్స

దీర్ఘకాలిక నిద్రలేమికి మొదట చేయవలసినది ఆలోచనలను, అలవాట్లను సరిదిద్దే చికిత్స అని అమెరికన్ వైద్యుల కళాశాల 2016లో సూచించింది. దాని ముఖ్యాంశాలు సులభమైనవే. ఏ సమయానికి పడుకున్నా ఉదయం ఒకే సమయానికి లేవాలి. పడకను నిద్రకే కేటాయించాలి. ఇరవై నిమిషాలు గడిచినా నిద్ర రాకపోతే లేచి, మందమైన వెలుతురులో కూర్చొని, నిద్ర ముంచుకొచ్చినప్పుడే మళ్లీ పడుకోవాలి. మధ్యాహ్నం తరువాత కాఫీ, టీ మానాలి. రాత్రి షిఫ్టు ముగించుకొని వచ్చేవారు గదిని చీకటిగా ఉంచి, ఇంటివారితో నిశ్శబ్దానికి ఒప్పందం చేసుకోవాలి. ఫలితం మాత్రంత త్వరగా కనిపించకపోయినా ఎక్కువ కాలం నిలుస్తుంది.

ఎవరిని అడగాలి

మొదట సమీప ప్రాథమిక ఆరోగ్య కేంద్రాన్ని గాని, తాలూకా ఆసుపత్రిని గాని సంప్రదించవచ్చు. కర్ణాటక ప్రభుత్వ మనోచైతన్య కార్యక్రమం కింద తాలూకా ఆసుపత్రులకు మంగళవారాలలో మనోవైద్య నిపుణులు వచ్చే ఏర్పాటు ఉన్నది. ఏ మంగళవారమో ఆసుపత్రిలో విచారించుకోవాలి. బెంగళూరులోని నిమ్హాన్స్ ఈ రంగంలో దేశానికే ప్రధాన సంస్థ. 2022 అక్టోబరు 10న మొదలైన టెలి మానస్ సేవకు 14416 నంబరుకు రేయింబవళ్లు ఉచితంగా ఫోను చేసి, తెలుగులోను, కన్నడంలోను మాట్లాడవచ్చు. ఎక్కువ మాత్రలు మింగినవారికి, లేపినా లేవనివారికి ఇంటి వైద్యం చేయక వెంటనే 108 అంబులెన్సును పిలవాలి. ఖాళీ స్ట్రిప్‌ను కూడా వెంట తీసుకువెళ్లాలి.

కన్నడంలో చెప్పడానికి సంకోచించేవారు ఆసుపత్రిలో 'ననగె నిద్దె బరువుదిల్ల' అన్న ఒక్క మాటతో మొదలుపెట్టవచ్చు. ఎన్నాళ్లుగా బాధ ఉన్నదో, ఇప్పటికే ఏ మందులు వాడుతున్నారో ఒక కాగితం మీద వ్రాసుకొని వెళ్లాలి. మాత్ర చేతికి అందిన తరువాత లేచి వచ్చే ముందు అడగవలసిన ప్రశ్న ఒక్కటే ఉన్నది: దీనిని ఏ నాటికి ఆపాలి?