కేతిగాడు ఎవరిని చూసి నవ్విస్తున్నాడు?

పత్తర్‌గట్టి రాతి కమాన్ల కింద చాయ్ తాగుతూ మొన్నొక రోజు మేము రెండు గంటలు తోలుబొమ్మల మీద కొట్లాడుకున్నాం. ముందటి రోజు సాయంత్రం నగరంలో ఒక సభలో తోలుబొమ్మలాట చూసి వచ్చాం. గంటసేపే ఆట. లంకాదహనం పావుగంటలో అయిపోయింది. మిగతా సేపంతా కేతిగాడు సెల్‌ఫోను గురించి, బంగారక్క పౌష్టికాహారం గురించి మాట్లాడారు.

అనంతపురం వైపు నుంచి వచ్చిన ఒక ఉపాధ్యాయ మిత్రుడు ముందు మొదలుపెట్టాడు. "అది బంగారక్క కాదన్నా. బంగారక్క బొమ్మ పట్టుకొని ఆరోగ్య శాఖ కరపత్రం చదివినారు. మా ఊర్లో ఆమె నోరు తెరిస్తే రెడ్డి కూడా తల వంచుకునేవాడు."

మాతో ఉన్న విద్యార్థిని ఒకామె ఒప్పుకోలేదు. "సార్, హాస్టల్ల నన్ను మూడేండ్లు బంగారక్క అనే పిలిచిండ్రు. నల్లగ ఉంటానని, గట్టిగ మాట్లాడతానని. మీ బంగారక్క పోయిందంటే నాకేం ఏడుపు రాదు."

ఆ మాటకు బల్ల దగ్గర ఎవ్వరూ కాసేపు మాట్లాడలేకపోయాం. ఇద్దరిలో ఎవరిదీ అబద్ధం కాదు. ఒకే బొమ్మ ఒకరికి పెత్తందారును ఎదిరించిన నోరు, మరొకరికి తన ఒంటి మీద వేసిన ముద్ర. ఈ రెండూ ఎట్లా నిజమవుతాయో విడమరచి చూడటమే ఈ వ్యాసం పని.

ఆట ఎట్లా నడుస్తుంది

ఈ ఆట మనకు చాలా పాతది. పాల్కురికి సోమనాథుడి పండితారాధ్య చరిత్రలోనే బొమ్మలాటల ప్రస్తావన ఉంది. ఈనాడు ఆడుతున్నవాళ్ళలో ఎక్కువమంది ఆరె మరాఠీ కుటుంబాలవాళ్ళు. ఇంట్లో మరాఠీ, తెర మీద తెలుగు. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంట, కాకినాడ దగ్గరి మాధవపట్నం ఈ ఆటకు పేరుపడ్డ ఊళ్ళు. వీళ్ళు వెనుకబడిన తరగతుల జాబితాలో ఉన్నవాళ్ళు. ఊరూరా తిరిగి, ఊరి పెద్దలు ఇచ్చినదాంతో బతికినవాళ్ళు. ఈ సంగతి గుర్తుంచుకోవాలి. కొత్త ఆటను విమర్శించేటప్పుడు మనం విమర్శిస్తున్నది ఏ పెద్ద సంస్థనో కాదు, పొట్ట చేతపట్టుకొని తిరిగిన మనుషులను.

తెల్లగుడ్డ తెర, దాని వెనక దీపం. ఆముదం దీపాలు పోయి పెట్రోమాక్సులు వచ్చాయి, అవీ పోయి కరెంటు బల్బులు వచ్చాయి. బొమ్మలు కొన్ని మనిషంత ఎత్తుంటాయి. హార్మోనియం, మద్దెల, తాళాలు, గజ్జెలు ఉంటాయి. యుద్ధం వచ్చిందంటే కింద పరిచిన చెక్కల మీద కాళ్ళతో దబదబా తొక్కుతారు. ఆ కుటుంబాల ఆడవాళ్ళూ తెర వెనక కూర్చొని పాడతారు, స్త్రీ పాత్రలకు గొంతు ఇస్తారు. కథ రామాయణ భారతాల నుంచి. రంగనాథ రామాయణం ద్విపదలు వీళ్ళ నోట నానినవి.

రాముడూ రావణుడూ పద్యంలో, గ్రాంథికంలో మాట్లాడతారు. వాళ్ళ మధ్యలోకి జుట్టుపోలిగాడు, వాడి పెండ్లాం బంగారక్క, కేతిగాడు దూరి వస్తారు. వీళ్ళకు కిరీటాలు లేవు, పద్యాలూ లేవు. ఊరి భాష మాట్లాడతారు, తిట్టుకుంటారు, తన్నుకుంటారు. తెల్లార్లూ సాగే ఆటలో జనం కునుకు తీయకుండా చూడటం, చదివింపులు అడగటం, ఊళ్ళో మొన్న జరిగిన సంగతిని ఎత్తిపొడవటం వీళ్ళ పని. రాముడి మాట ఏ ఊళ్ళో ఆడినా దాదాపు ఒక్కటే. కేతిగాడి మాట మాత్రం ఊరూరికీ మారుతుంది.

తోలుకూ కులమున్నది

మా నాయిన చెప్పులు కుట్టినవాడు. తోలు నానేసిన తొట్టి వాసన మధ్యనే మేము అక్షరాలు దిద్దినం. అందుకని ఈ ఆటలో మా చూపు ముందు తోలు మీదికే పోతుంది.

బొమ్మకు వాడే తోలు నానబెట్టి, వెంట్రుక తీసి, గీకి, వెలుగు దూరేంత పలచన చేయాలి. ఎండబెట్టి, బొమ్మ గీసి, చిన్న ఉలులతో రంధ్రాలు కొట్టి, రెండు వైపులా రంగు వేయాలి. నగలన్నీ ఆ రంధ్రాల్లోంచి పడే వెలుగే. ఈ పని అంతా బొమ్మలాటవాళ్ళు చాలావరకు తామే చేసుకుంటారు.

పాత పద్ధతిలో తోళ్ళకు అంతస్తులున్నాయి. దేవతలకు, కథానాయకులకు జింక జాతుల్లో శ్రేష్ఠమనుకున్న తోలు. భీముడు, రావణుడు వంటి బలశాలులకు, మోటు వాడకానికి ఆగాలి కనుక, దుప్పి తోలు. మిగిలిన అందరికీ ఊళ్ళో దొరికే మేకతోలు. కేతిగాడూ బంగారక్కా ఈ 'మిగిలిన అందరి'లోకే వస్తారు. 1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. జింకతోలు నేరమయ్యేసరికి రాముడు కూడా మేకతోలులోకి దిగవలసి వచ్చింది. సంప్రదాయం మారదు, మారకూడదు అనేవాళ్ళు ఈ ఒక్క మార్పు గురించి మాట్లాడరు. రాముడి తోలు మారినా రాముడు రాముడే అయినప్పుడు, బంగారక్క మాట మారితే ఆమె బంగారక్క ఎందుకు కాకుండా పోతుంది?

ఇంకొక సంగతి ఉన్నది. చచ్చిన పశువు తోలు మాదిగ చేతిలో ఉన్నంతసేపు అంటు. అదే తోలు రాముడి బొమ్మయి తెర మీదికి ఎక్కితే దానికి కొబ్బరికాయ, హారతి. అంటరానితనం తోలులో లేదు, దానిని పట్టుకున్న చేతి కులంలో ఉన్నది. ఈ ఆట ఆ సంగతిని రాత్రంతా దీపం వెలుగులో చూపిస్తూనే ఉంది, మనమే పాఠంగా చదువుకోలేదు.

పాతది అంటే ఏది?

బంగారక్క పాడైపోయిందనేవాళ్ళు ఒక అసలు బంగారక్క ఉన్నదనుకుంటున్నారు. కేతిగాడి మాటలు ఏ తాళపత్రంలోనూ ఒక్కతీరుగా రాసిపెట్టి లేవు. ఆ రాత్రి ఆ ఊరి గాలిని బట్టి పుట్టేవి. అమెరికా పరిశోధకుడు జొనాథన్ గోల్డ్‌బర్గ్ బెల్ 1980లలో ఈ హాస్య పాత్రల మీద పనిచేశాడు. వీళ్ళు కథకు అడ్డుపడే పిట్టకథలు కారని, ఆటను నడిపించే వాళ్ళలో వీళ్ళూ ఉన్నారని ఆయన చూపించాడు.

పత్తర్‌గట్టికి కూతవేటు దూరంలో సాలార్‌జంగ్ మ్యూజియం ఉంది. అక్కడి గడియారంలో గడ్డపు బొమ్మ ఒకటి గంట గంటకూ బయటికి వచ్చి, గంట కొట్టి, లోపలికి పోతుంది. జనం గుమిగూడి చూస్తారు. ఆ బొమ్మ మారలేదని మెచ్చుకుంటారు, దానితో ఎవరికీ తగవు లేదు. కేతిగాడు అటువంటి బొమ్మ కాడు. వాడు నిన్నటి మాటే ఇవాళ అన్నాడంటే ఆట చచ్చిపోయినట్టే.

ఈ కుటుంబాలు మార్పుకు కొత్త కూడా కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో వనారస గోవిందరావు కీచకవధ నాటకం వేయించాడు. అంతకు ముందు ఆ కుటుంబాలు బొమ్మలాడించినవే. బొమ్మను పక్కనపెట్టి మనిషి రంగస్థలం ఎక్కాడు, ఆడ పాత్ర ఆడమనిషే వేసింది. ఆ రోజున 'ఆట పాడైంది' అన్నవాళ్ళ మాటే నెగ్గితే ఈనాడు సురభి అన్న పేరే మనకు తెలియదు.

సర్కారు సందేశాలూ నిన్నటివి కావు. కేంద్ర ప్రభుత్వం 1954లో పెట్టిన పాటల నాటకాల విభాగం దశాబ్దాలపాటు జానపద కళలను ప్రచారానికి వాడుకుంది. అంటే కొత్త బంగారక్కకు కూడా ఒక పాత చరిత్ర ఉన్నది.

మూడు వాదనలు

ఆ రోజు చాయ్ దగ్గర వినిపించిన వాదనలు మూడు.

మొదటిది, పాత ఆటనే ఆడాలనేది. ఇందులో బలం ఉంది. పాత కేతిగాడి మాటకు పదును ఉండేది. కరణం, రెడ్డి ముందు వరసలో కూర్చొని ఉండగా వాళ్ళ దొంగలెక్కలను ఎగతాళి చేయడానికి దక్కిన చోటు అదొక్కటే. సందేశం పేరిట ఆ పదును తీసేసి, 'చేతులు కడుక్కోండి' అని మాత్రం చెప్పిస్తే, కేతిగాడు సర్కారు బంట్రోతు అవుతాడు. మా ఉపాధ్యాయ మిత్రుడి బాధ ఇదే.

రెండోది, బూతు తీసేసి శుభ్రం చేయాలనేది. ఇక్కడ మేము జాగ్రత్తగా ఉండాలంటున్నాం. శుభ్రం ఎవరి కొలతతో? మన వాడల భాషంతా బూతేనని తేల్చినవాళ్ళే ఈ కొలతబద్ద చేసింది. టర్కీలో కరగోజ్ అనే నీడబొమ్మ ఉన్నాడు. చదువుకున్న హాజివత్ పక్కన మోటు మాటల మనిషి. ఒట్టోమాన్ పాలన చివరి కాలంలో వాడి రాజకీయపు ఎగతాళికి అడ్డుకట్టలు పడ్డాయి. 2009లో యునెస్కో జాబితాకు ఎక్కాడు. గౌరవం వచ్చింది సరే, మూసుకుపోయిన నోటిని గౌరవం తెరవదు.

మూడోది మా చెల్లెది. నవ్వు ఎవరి మీద అని ఆమె అడుగుతున్నది. మాదీ ఇదే ప్రశ్న. కేతిగాడు కరణాన్ని చూసి నవ్విస్తే అది కింది నుంచి పైకి పోయే నవ్వు. బంగారక్క ఒంటిని చూసి, ఆమె తిన్న దెబ్బలను చూసి నవ్విస్తే అది కిందివాళ్ళ మీదనే పడే నవ్వు. పాత ఆటలో ఈ రెండు నవ్వులూ కలిసిపోయి ఉన్నాయి. 'పాతది మంచిది' అన్నా, 'పాతది చెడ్డది' అన్నా ఈ రెంటినీ విడదీయకుండా తప్పించుకోవడమే.

జావా నీడబొమ్మల్లో సెమార్ ఉన్నాడు. పొట్టివాడు, బానపొట్టవాడు, సేవకుడు, నవ్వించేవాడు. కానీ కథలో వాడు దేవుళ్ళకే పెద్ద. రాజకుమారులు వాడి మాట వింటారు. సేవకుడిని నవ్వులపాలు చేయకుండానే నవ్వించవచ్చునని వాళ్ళ ఆట చెబుతున్నది. మనకూ అటువంటి బొమ్మలు లేకపోలేదు. డక్కలివాళ్ళు మాదిగ వాడల్లో పటం విప్పి జాంబపురాణం చెబితే అందులో మాదిగ మూలపురుషుడు నవ్వులాట పాత్ర కాడు, సృష్టికి ముందరివాడు. బొమ్మలో మనం ఎక్కడున్నాం అన్నది కథ చెప్పేవాడు ఎవరి ముందు నిలబడ్డాడన్న దాన్నిబట్టి ఉంటుంది.

డప్పు నేర్పిన పాఠం

కారంచేడు (1985), చుండూరు (1991) తర్వాత మనం చట్టాన్నీ రాజకీయాన్నీ మాత్రమే కాదు, పాటనూ ఆటనూ కూడా ప్రశ్నించడం మొదలుపెట్టాం. డప్పు సంగతి చూడండి. చావుకు కొట్టేది, చాటింపుకు కొట్టేది, వెట్టికి కొట్టేది. దానిని పారేయాలని కొందరు గట్టిగా అన్నారు, ఆ కోపం న్యాయమైనదే. 1994లో దండోర మొదలైంది. అదే డప్పు ఊరేగింపు ముందు వరసకు వచ్చింది. తోలు మారలేదు, మోత మారలేదు. ఎవరి పిలుపు మీద, ఎవరి కోసం కొడుతున్నారన్నది మారింది.

బంగారక్క విషయంలో కూడా మేము అంతే అంటున్నాం. ఆమె నోరు మూయించడం మార్పు కాదు, ఆమెను తన్నించి నవ్వించడం సంప్రదాయ రక్షణా కాదు. ఆమె నోటిని ఆమెకే ఉంచి, నవ్వును పైకి తిప్పగలగాలి. ఆమెకు గొంతు ఇచ్చే తెర వెనకాలి ఆడమనిషిని 'అక్కా, నీకైతే ఏం అనాలని ఉంటది?' అని అడిగినవాళ్ళు ఎవరు?

ఇక ఆడేవాళ్ళ బతుకు సంగతి. 2008లో ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చింది. నిమ్మలకుంటకు చెందిన దళవాయి చలపతిరావుకు 2020లో పద్మశ్రీ వచ్చింది. సంతోషమే. కానీ ఆ ఊరి తోలు ఇప్పుడు ఎక్కువగా దీపపు తొడుగులుగా, గోడ బొమ్మలుగా అమ్ముడుపోతున్నది. తొడుగు మీద సీత, హనుమంతుడు, నెమలి బాగా పోతాయి. బంగారక్కను డ్రాయింగు రూములో పెట్టుకునేవాళ్ళు అరుదు. ఆటకు పిలిచేవాళ్ళు గంట ఇస్తారు, గంటలో సందేశం అడుగుతారు. కేతిగాడు బంట్రోతు అయ్యాడంటే తప్పు కేతిగాడిది కాదు, బయానా ఇచ్చినవాడిది. ఒకప్పుడు రెడ్డి ఇచ్చాడు, ఇప్పుడు దఫ్తరు ఇస్తున్నది.

కనుక కార్యకర్తలకు, ఉపాధ్యాయులకు మా మాట ఇది. ఆటను మనమే పిలుద్దాం. అంబేద్కర్ జయంతికి, బడి వార్షికోత్సవానికి పిలిచి, గంట కాక రాత్రి ఇద్దాం, సరైన మజూరీ ఇద్దాం. మాటలు రాసి వాళ్ళ చేతిలో పెట్టవద్దు. మన ఊళ్ళో ఏం జరిగిందో చెబుదాం. శ్మశానం దారి ఎవరు ఆపారు, ఉపాధి పని కూలి ఎవరు మింగారు అన్నది కేతిగాడి చెవిన వేద్దాం. మిగిలింది వాడు చూసుకుంటాడు. ఆట అయ్యాక పిల్లలను కూర్చోబెట్టి అడుగుదాం: ఎక్కడ నవ్వినారు? ఎవరిని చూసి? ఆ నవ్వినప్పుడు నీ పక్కనున్న పిల్ల కూడా నవ్విందా?

ఈ చివరి ప్రశ్న మాకు పత్తర్‌గట్టిలోనే తట్టింది. 1908 మూసీ వరద తర్వాత నగరాన్ని బాగుచేయించిన వాళ్ళ హయాంలో లేచిన రాతి కమాన్లవి. కట్టించిన దొర పేరు అందరికీ తెలుసు. రాయి చెక్కినవాళ్ళ పేర్లు మాకు ఎవరూ చెప్పలేదు. చాయ్ డబ్బులు ఇచ్చి లేస్తుంటే ఉపాధ్యాయ మిత్రుడు ఆ అమ్మాయితో, "నేను చిన్నప్పుడు నవ్విన దానిలో నువ్వున్నావని నాకు తెలవదమ్మా," అన్నాడు. ఆమె వెంటనే, "ఆమె రెడ్డిని ఏమన్నదో అది చెప్పు సార్, నాకు అది తెలవదు," అన్నది.

మదీనా చౌరస్తా దాకా నడుస్తూ ఆయన చెప్పాడు. ఆమె నవ్వింది, మేమూ నవ్వినం.